ఎర్ర కోటు విప్పిన చెయ్యి

మా ఆయన వెర్లిన్‌కు కుక్కనిచ్చిన సంస్థ అంటే నాకు చాలా గౌరవం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

అఫ్గానిస్తాన్ యుద్ధం నుంచి తిరిగొచ్చాక వెర్లిన్ జనమన్నా చప్పుడన్నా బెదిరిపోయి ఏళ్ల తరబడి సూపర్‌మార్కెట్ గడప తొక్కలేదు. హేజల్ వచ్చాకే తొక్కాడు. అది నల్ల లాబ్రడార్. ఆయన ఊపిరి మారితే చాలు, ముక్కుతో మోకాలు పొడుస్తుంది. అప్పటికీ తగ్గకపోతే మీదికెక్కి తన బరువంతా ఆయన గుండెల మీద వేసి పడుకుంటుంది. ఒంటి మీద ఎర్ర కోటు ఉన్నంతసేపూ అది డ్యూటీలో ఉన్నట్టు. కోటు విప్పితే సెలవు. ఇక బంతి, పరుగు, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోవడం. సంస్థ నడిపే మార్లా మాకు నేర్పిన మొదటి పాఠమే అది. "నలుగురిలో ఉన్నప్పుడు కోటు విప్పారో, ప్రాణం మీదికొస్తుంది" అని వేలు చూపించి మరీ చెప్పింది.

లాటన్ ఊళ్లో దాతలకు మధ్యాహ్నం విందు ఇస్తున్నాం, రమ్మని పిలిచింది. వెర్లిన్ రానన్నాడు. "కాగితాల్లో కుక్క ఇంకా మాదే కదండీ" అని ఫోనులో తియ్యగా గుర్తుచేసింది మార్లా. ఇచ్చినట్టే ఇచ్చి గొలుసు తన చేతిలోనే ఉంచుకుందన్నమాట. చచ్చినట్టు వెళ్లాం.

"ఏం కాదులే రోండా, తలుపు పక్కనే బల్ల ఇస్తామన్నారు" అన్నాడు వెర్లిన్ కారులో. తీరా చూస్తే బల్ల వేదిక ముందు, బెలూన్ల తోరణం కిందే వేశారు.

భోజనం సగంలో ఉండగా మార్లా నవ్వుకుంటూ వచ్చింది.

"మన దాతలు హేజల్‌ని కాస్త ముద్దు చేస్తారట. ఫోటోలో కోటు మీద 'ముట్టుకోవద్దు, పనిలో ఉన్నాను' అని కనబడితే ఏం బావుంటుంది చెప్పు?" అంటూ వంగి, చటుక్కున కోటు ఊడదీసి చేతి మీద వేసుకుంది.

"మీరే కదండీ విప్పొద్దని..."

"అబ్బా, రెండు నిమిషాలే తల్లీ!"

హేజల్ తోక ఊపుకుంటూ బల్లల మధ్యకు పోయింది. దాతల్లో ముత్యాల దండ వేసుకున్న ఒక ముసలావిడ దానికి పెకాన్ గింజల మిఠాయి ముక్క అందించింది.

అప్పుడు పేలాయి, వరసగా మూడు బెలూన్లు.

వెర్లిన్ నా మెడ పట్టి బల్ల కిందికి లాగేశాడు. "తలొంచు! తలొంచవే!" అని అరుస్తున్నాడు. హేజల్ అని పిలిచాను. అది నావైపు చూసి తోకాడించి మళ్లీ మిఠాయి ముక్క మీద పడింది. దాని తప్పేముంది, సెలవులో ఉంది.

ఆయన చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను. మార్లా చేతి మీది కోటు లాక్కుని హేజల్‌కు తొడిగాను. అంతే, కుక్క మారిపోయింది. దూసుకొచ్చి బల్ల కింద ఆయన గుండెల మీద పడుకుంది.

మార్లా మైకు అందుకుంది. "చూశారా మిత్రులారా, మీ విరాళం చేసే పని!"

హాలంతా చప్పట్లు. ఆ చప్పుడుకి వెర్లిన్ మళ్లీ వణికాడు. నా ఒళ్లు మండిపోయింది.

"ఆపండి! ఇదేమన్నా సర్కస్సా? కొంపకి నిప్పెట్టి, నీళ్లు నేనే పోశానని చెప్పుకుంటోంది ఈవిడ, మీరు చప్పట్లు కొడుతున్నారు!"

చప్పట్లు ఆగిపోయాయి. మార్లా మా దగ్గరికి వచ్చి పళ్ల బిగువున అంది, "ఇలా రచ్చ చేస్తే కుక్కను వెనక్కి తీసుకుంటాం."

బల్ల కింద నుంచి వెర్లిన్ గొంతు వినబడింది.

"తీసుకెళ్లండమ్మా. కోటు విప్పితే చాలు, ఎవరి వెంటైనా వస్తుంది. ఇందాక విప్పారుగా, విప్పండి."

మార్లా నిజంగానే వంగింది. చెయ్యి కోటు దాకా పోయింది. హేజల్ ఆయన మీది నుంచి తల కూడా ఎత్తలేదు.

"మార్లా," అంది ముత్యాల దండ ముసలావిడ, మిగిలిన మిఠాయి ముక్క ఇంకా చేతిలోనే ఉంది. "ముట్టుకోవద్దని రాసుంది కదమ్మా."

మార్లా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మాట రాయించింది తనే.