మిగిలిపోయిన మాత్రలు

చొక్కాలు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడటం పెళ్లయినప్పటి నుంచీ ఆమె పనే. చిల్లర, పెన్ను మూతలు, బస్సు టికెట్లు దొరుకుతుంటాయి. ఆ ఉదయం యాంటీబయాటిక్ మాత్రల షీటు దొరికింది. పదిలో మూడు ఖాళీ.

"ఏంటండీ ఇవి?"

"దగ్గొచ్చిందిగా, మందులషాపు వాడిచ్చాడు. మూడేసుకున్నా, తగ్గిపోయింది. మిగతావి అమ్మ డబ్బాలో పడెయ్," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే.

అత్తగారి డబ్బా అంటే ఒకప్పటి బిస్కెట్ల డబ్బా. ఇంట్లో ఎవరికి జబ్బు చేసి తగ్గినా మిగిలిన మాత్రలన్నీ అందులోకే చేరతాయి. ఆవిడకి నలతగా ఉంటే రంగు చూసి ఒకటో రెండో తీసి మింగేస్తుంది. "బంగారంలాంటి మందులే, పారేస్తే కళ్లు పోతాయ్" అంటుంది. కోడలు ఎన్నిసార్లు పారబోసిందో, అన్నిసార్లూ ఆ డబ్బా మళ్లీ నిండింది.

ఇంతకీ ఆ కోడలి ఉద్యోగం ఏమిటయ్యా అంటే, పెద్దాసుపత్రి ల్యాబులో, ఏ క్రిమి ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావనని మొండికేస్తుందో తేల్చి చెప్పడం! గాజు ప్లేటులో క్రిమిని పెంచి, దాని మీద మందు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి చచ్చి ఖాళీగా ఒక గుండ్రం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలిచి రిజిస్టర్లో రాయాలి. పంతొమ్మిదేళ్లుగా అదే పని. అక్కడ అందరూ ఆమెను ప్లేట్ల మేడమ్ అంటారు. పోయిన వారం అత్తగారికి మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే నమూనా తనే పట్టుకెళ్లి తనే పరీక్షించింది. పన్నెండు బిళ్లల్లో రెండింటి చుట్టే గుండ్రాలొచ్చాయి. మిగతా పదింటినీ లెక్కచేయకుండా క్రిమి దర్జాగా పెరిగింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. ఇప్పుడు రోజూ పొద్దున్నే నర్సు ఇంటికొచ్చి ఇంజెక్షన్ ఇచ్చి వెళుతోంది.

దేశమంతటా ఇలా మందులకు లొంగని క్రిములను ఎలా ఎదుర్కోవాలో ప్రభుత్వం ఒక ప్రణాళిక రాయిస్తోంది. అందులో ల్యాబుల అధ్యాయం ఆమె రాసిందే. ఆరు నెలలు, పొయ్యి మీద కూరకీ తీగ మీద బట్టలకీ మధ్య కూర్చుని రాసింది. పైన పేరు మాత్రం ల్యాబు పెద్దసారుది. ఆ రోజు ఆమె ల్యాబుకి వెళ్లేసరికి ప్రణాళిక పూర్తి ప్రతి ఆమె బల్ల మీద ఉంది. నలభై ఒకటో పేజీలో ఎవరో మహానుభావుడు ఇలా రాశాడు: 'మందులను పూర్తి కాలం వాడేలా చూడవలసిన బాధ్యత గృహిణులది. వారికి అవగాహన కల్పించాలి.'

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. అవగాహనట! తనకన్నా అవగాహన ఉన్న గృహిణి ఈ ఊళ్లో ఎవరున్నారో చూపించమనండి. ఉండి ఏం ఒరిగింది? వచ్చే వారం రాజధానిలో మూడు రోజుల సమావేశం ఉంది. ఇదంతా ఖాయమయ్యేది అక్కడే. ఆ వాక్యం అలాగే ఉండిపోతే ఇక ఊరూరా ఆడవాళ్లను కూర్చోబెట్టి పాఠాలు చెబుతారు. ఆమె తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లింది.

"సార్, సమావేశానికి నేనూ వస్తాను."

"అయ్యో, పిలుపు నీ పేరునే వచ్చిందమ్మా," అన్నాడాయన తాపీగా. "నువ్వు రాలేవని నేనే చెప్పేశాను. అత్తగారికి బాగోలేదటగా. మీవారికి ఫోన్ చేసి కనుక్కున్నాలే. కుదరదన్నారు."

"నన్నెందుకు అడగలేదు సార్?"

"అడిగితే నువ్వు మొహమాటపడతావనీ..."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి స్కేలు పట్టుకుని కూర్చుంది. అంకెలు అలుక్కుపోయాయి. తను కోరుకున్నది రాజధాని చూడాలని కాదు, రైలెక్కాలనీ కాదు. ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ మనుషులు, అందులో ఒకరు ఇటు తిరిగి 'మీరేమంటారు?' అని అడగాలి. అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆమె ఎన్నేళ్లుగా మొహం వాచిపోయిందో ఆమెకే తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు జవాబు చెప్పుకుందో, ఎన్నిసార్లు గొంతు సవరించుకుందో! పక్కసీటావిడ ఒకసారి 'ఒంట్లో బాగోలేదామ్మా' అని కూడా అడిగింది. ఇన్నేళ్లకు నిజంగా పిలుపొస్తే, ఇద్దరు మగవాళ్లు ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడుకుని సర్దేశారు. ఏడుపొచ్చింది. ల్యాబులో ఏడవకూడదు కాబట్టి చేతులు కడుక్కునే వంకతో లోపలికి వెళ్లి ఏడ్చింది.

సాయంత్రం భర్తని నిలదీస్తే, "దానికింత రాద్ధాంతమా? మూడ్రోజులు ఇల్లెవరు చూస్తారు?" అని టీవీ పెట్టుకున్నాడు.

పక్కగదిలోంచి అత్తగారు పిలిచింది. వెళ్లేసరికి డబ్బా ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"వాడన్నదంతా విన్నాలేవే. ఇదిగో, ఇది తీసుకెళ్లి పారెయ్."

"నేను చెప్పినప్పుడు వినలేదు కదత్తయ్యా."

"ఎలా వింటానే? నాకు జ్వరమొస్తే మీ మామగారు ఏనాడన్నా డాక్టరు గుమ్మం ఎక్కించారా? 'డబ్బాలో ఏదో ఉంటుంది చూసుకోవే' అనేవారు. పిల్లలకి మిగిలినవీ, ఆయనకి మిగిలినవీ వేసుకునే ఇంతకాలం లాక్కొచ్చా. ఇది కూడా లేకపోతే నాకు మందన్నదే లేదనుకున్నా."

కోడలు డబ్బా అందుకుంది. మొన్న తన ప్లేటు మీద పెరిగింది ఈవిడ నలభయ్యేళ్ల కాపురం. పంతొమ్మిదేళ్లు మిల్లీమీటర్లు కొలిచింది కానీ, ఒక్కసారైనా 'ఎందుకు దాస్తున్నావత్తయ్యా' అని తనూ అడగలేదే! అత్తగారి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది.

మర్నాడు నర్సు వచ్చి వెళ్లాక, ఆమె వెంట తెచ్చుకున్న ప్రణాళిక ప్రతి వెనక అట్ట మీదున్న సమావేశం వాళ్ల నంబరుకి ఫోన్ చేసింది. భర్త షేవింగు సగంలో ఆపి, చెంపల మీద నురగతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరు రాలేరని రాసుకున్నాం మేడమ్," అంది అవతలి అమ్మాయి.

"తప్పు రాసుకున్నారమ్మా. నేను వస్తున్నాను."

"చాలా సంతోషం మేడమ్. మాట్లాడతారు కదా? ఒక్కొక్కరికి పది నిమిషాలు. సరిపోతాయా?"

సరిపోతుంది అనడం ఆమెకు ఊపిరంత అలవాటు. కూర అడుగంటినా సరిపోతుంది, నాలుగ్గంటల నిద్రయినా సరిపోతుంది, రాసినదాని మీద పేరు లేకపోయినా సరిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను ఆమె మింగేసింది.

"సరిపోవు," అంది.