ఊదా దీవిలో సాయవ్వ

సాయవ్వకు కళ్ళు నెత్తికెక్కాయట. దోహాలోని అల్ తుమామాలో పక్క విల్లా ప్రతిమ, అరుంధతి వంటింటి కిటికీ దగ్గర నిలబడి మరీ చేరవేసిన కబురిది. సాయవ్వ పనిచేసేది అరుంధతి ఇంట్లో. ప్రతిమకు చెప్పింది వాళ్ళింట్లో పనిచేసే జహనారా.

"ఈ శుక్రవారం పిక్నిక్‌లో చాప దగ్గర కూర్చోదట వదినా. మనతోపాటు దీవిలోకి వస్తుందట. ఎవరాపుతారో చూస్తానందట. మీ ఆవిణ్ణి చూసి రేపు మా జహనారా కూడా మొదలుపెడుతుంది, చెప్తున్నా."

అరుంధతి ఆ మాట భర్త సుధాకరరావు చెవిన వేసింది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "వచ్చే నెల ఆమె ఆకామా రెన్యూ చెయ్యాలి. ఆ సంగతి ఒకసారి గుర్తు చెయ్యి, చాలు" అన్నాడు.

ఆకామా ఉంటేనే ఈ దేశంలో ఉండనిస్తారు. సాయవ్వ ఆకామా సుధాకరరావు చేతిలో ఉంది. ఆయన వద్దనుకుంటే జగిత్యాల పక్క పల్లెకు ఆమె విమానం ఎక్కాల్సిందే. అరుంధతి గుర్తు చేసింది. సాయవ్వ చపాతీ పిండి పిసకడం ఆపకుండానే "ఇన్నమ్మా" అంది.

ఖతర్‌లో సాయవ్వ వెళ్ళని చోటు లేదు, చూసిన చోటూ లేదు. జుబారా కోటకు తీసుకెళ్ళారు. కారు నీడలో చాప పరుచుకుని గిన్నెలకు కాపలా కూర్చుంది. అల్ షహానియాలో ఒంటెల పందేలన్నారు. దూరంగా లేచిన దుమ్ము చూసింది. మెసయీద్ ఇసుక దిబ్బల దగ్గర అందరూ చెప్పులు ఆమె ముందే విడిచి పోయారు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే చెల్లెలు ఊళ్ళోంచి ఫోన్ చేసి "దుబాయ్‌ల ఏమేం సూసినవక్కా?" అని అడిగితే "గిన్నెలు సూసిన" అనేది. చెల్లెలు పడీపడీ నవ్వేది. మొదట్లో సాయవ్వా నవ్వేది.

ఇప్పుడీ దీవి. మడ అడవి చాటున ఉందని, వేల ఏళ్ళ కిందట అక్కడ సముద్రపు నత్తల్ని పగలగొట్టి రాజుల బట్టలకు ఊదారంగు తీశారని, దోహాలో ఎన్నేళ్ళుగానో ఉంటున్నవాళ్ళకే తెలియదని, సుధాకరరావు వారమంతా భోజనాల దగ్గర చెప్తూనే ఉన్నాడు. వడ్డిస్తూ సాయవ్వ అంతా వింది.

శుక్రవారం పొద్దున రెండు కార్లూ అల్ ఖోర్ దాటి నీళ్ళ ఒడ్డున ఆగాయి. అంతదాకా తెల్లటి ఇసుకే. అక్కడ మాత్రం బురదలోంచి పచ్చగా ఎగదన్నుకొచ్చిన చెట్లు. వాటి నడుమ నుంచి దీవిదాకా చిన్న కాలివంతెన.

"సాయవ్వా, చాప ఇక్కడ వెయ్యి. పిల్లులొస్తాయి, గిన్నెలు చూసుకో" అంది ప్రతిమ.

"గిన్నెలు డిక్కీల పెట్టినమ్మా. తాళం సారు జేబులున్నది. ఏ పిల్లి తీస్తది?"

"మరి నువ్వు?"

"నేను మీ ఎంబడి వస్తున్న."

ప్రతిమ అరుంధతి వంక చూసింది. అరుంధతి భర్త వంక చూసింది. సుధాకరరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆకామా సంగతి అమ్మ చెప్పిందా?"

"చెప్పింది సారూ."

"అర్థమైందా?"

"మంచిగ అర్థమైంది" అని సాయవ్వ కొంగు నడుముకు దోపుకుని అందరికంటే ముందు వంతెనెక్కింది.

వంతెన సన్నం. ఆమెను దాటి పోవడానికి వీల్లేదు. ఆమె తీరిగ్గా నడిచింది. బురదలోంచి ములుకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళ దగ్గర ఆగింది, పరుగెత్తే పీతల దగ్గర ఆగింది. ఆగినప్పుడల్లా వెనక వరసంతా ఆగింది.

దీవిలో కోటా లేదు, గోపురమూ లేదు. ఎండకు మాడిన రాతినేల, పగిలిన గుల్లలు, చుట్టూ నీళ్ళు. ప్రతిమ రెండు సెల్ఫీలు దిగి "ఇంతేనా?" అంది. సాయవ్వ మాత్రం గట్టు పొడుగునా తిరిగొచ్చి సుధాకరరావు ముందు నిలబడింది.

"సారూ, గిన్ని నత్తలు పలగ్గొడితే కంపు గొట్టకపోయిందా?"

"కొట్టదూ మరి! భరించలేని కంపు. అందుకే ఊరికి దూరంగా పెట్టుకుని ఉంటారు. ఒక్క బట్టకు రంగెయ్యాలంటే ఎన్ని నత్తలు కావాలో తెలుసా..." ఆయన హుషారుగా చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. భార్య చూపు తగిలాక తాను కోపంగా ఉండాల్సిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

సాయవ్వ ఫోన్ తీసి చెల్లెలికి వీడియో కలిపింది. "ఇగో సూడే! రాజుల బట్టలకు రంగు తీసిన జాగంట. నేను గీడనే నిలబడ్డ." ఫోన్ నలువైపులా తిప్పి చూపించింది. ఆ తిప్పడంలో ప్రతిమ మొహం కూడా వచ్చింది.

వెనక్కి వచ్చేసరికి అందరికీ ఆకలి. డిక్కీ తెరిచాక గిన్నెలు ఎవరు దించాలో తేలక కాసేపు నిలబడ్డారు. సాయవ్వే దించింది, చాప పరిచింది, కంచాలు పెట్టింది. పని ఎగ్గొట్టాలని ఆమెకెప్పుడూ లేదు.

"వచ్చే నెలకి వేరే మనిషిని చూసుకుందాం" అన్నాడు సుధాకరరావు భార్యతో, సాయవ్వకు వినపడేలాగే.

"మీ ఇష్టం సారూ" అంది సాయవ్వ పులిహోర వడ్డిస్తూ.

ప్రతిమ ఇక ఊరుకోలేకపోయింది. "ఇంతకీ ఏం చూశావమ్మా అక్కడ? నాలుగు రాళ్ళు, నత్తగుల్లలు. వాటికోసం ఉద్యోగం పోగొట్టుకున్నావు!"

సాయవ్వ గరిటె గిన్నెలో పెట్టి ఆమె కళ్ళలోకి చూసింది.

"నాలుగు రాళ్లేనాయె గదమ్మా. మరి నేను సూస్తే మీదేం పోయింది?"