తల కరిగిన కుందేలు

“కుందేలు మరీ పెద్దది కావడం వల్ల పాము మింగలేక కక్కింది. ఇలా రాసి సంతకం పెట్టు,” అన్నాడు సూపరింటెండెంటు. “డాక్టరు సెలవులో ఉన్నాడు. జువాలజీ డిగ్రీ ఉన్నది నీకొక్కదానికే కదమ్మా. రెండు లైన్లు, అంతే.”

ఆ రెండు లైన్లు మా అమ్మ మెడకు చుట్టుకుంటాయి. ఈ జంతుప్రదర్శనశాలలో ఊడ్చే పనికి చేరి, ఇరవై రెండేళ్లలో పాములకు మేత పెట్టే పనిదాకా వచ్చింది ఆమె. నేను సంతకం పెడితే తప్పు మేత పెట్టిన ఆమెదై, మళ్లీ చీపురిచ్చి గేటు దగ్గరికి తోలేస్తారు. నేనిక్కడే బడిపిల్లలకు జంతువుల గురించి చెప్పే గైడుని. చేరి నాలుగు నెలలైంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే, తొక్కించింది అమ్మ.

మంగళవారం దొరసానికి మేత పెట్టినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. దొరసాని మా పెద్ద కొండచిలువ. చచ్చిన కుందేల్ని గోరువెచ్చగా చేసి, పటకారుతో కాస్త కదిలించింది అమ్మ. రెప్పపాటులో పాము దాన్ని నోటితో పట్టి మూడు చుట్లు చుట్టేసింది. చచ్చినదాన్ని మళ్లీ చంపినట్టు బిగించి, ఆ తర్వాత తీరిగ్గా తల వెతుక్కుని అటునుంచి మొదలుపెట్టింది. కుందేలు దాని తలకు నాలుగింతలుంది.

“దవడ ఊడదీసుకుని మింగుతుందని బయట బోర్డు మీద రాశారు చూడు,” అమ్మ నవ్వింది. “ఊడితే మళ్లీ ఎవడొచ్చి తగిలిస్తాడే?”

కింది దవడ రెండు ముక్కలు. ముందువైపు ఎముక అతుక్కోదు, సాగుతుంది. కుడి పక్క పళ్లు పట్టి ఉంచితే ఎడమ పక్క ముందుకు జరుగుతుంది, తర్వాత ఎడమది పట్టి ఉంచితే కుడిది జరుగుతుంది. దిండుకు గలీబు తొడిగినట్టు పాము తనను తానే కుందేలుకు తొడుక్కుంటుంది. నేను మూడేళ్లు చదివి పరీక్ష రాసిన సంగతి అమ్మ అద్దం తుడుస్తూ నేర్చుకుంది.

బుధవారం సూపరింటెండెంటు బావమరిది పిల్లలతో వచ్చాడు. పామును మెడలో వేసుకుని ఫోటో దిగాలట.

“వద్దు సార్,” అంది అమ్మ. “నిన్ననే మింగింది. పదిరోజులు ముట్టుకోకూడదు.”

“నువ్వెప్పుడు డాక్టరువయ్యావు? అది మీ అమ్మాయి కదా చదివింది!” అన్నాడు పక్కనే ఉన్న సూపరింటెండెంటు.

తాళంచెవి లాక్కుని, ఆయనే తలుపు తీసి, నిండు కడుపు దగ్గర పట్టి పైకెత్తి బావమరిది భుజాన వేశాడు. పాము రెండుసార్లు మెలికలు తిరిగింది. బావమరిది చొక్కా మీద కుందేలంతా బయటపడింది. ఎవరో తీసిన వీడియో పై ఆఫీసుదాకా పోయింది. పాము అతని భుజం మీద ఎందుకుందని అక్కడ ఎవరూ అడగలేదు. ఎందుకు కక్కిందని అడిగారు!

“భుజాన వేసిన సంగతి రాయొద్దా సార్?” అనడిగాను, ఆయన ఇచ్చిన కాగితం చూస్తూ.

“అది అనవసరం. గొంతులో అడ్డం పడింది, కక్కింది. కడుపులోకి దిగితే కక్కేదా?”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కాగితం తీసుకుని పాముల గదికి వెళ్లాను.

విషయం విని అమ్మ తుడుపు గుడ్డ పిండింది. “రాసేయవే. నీ ఉద్యోగం కొత్త. నాకు చీపురేమైనా కొత్తా?”

ఆయన మాటకన్నా ఈ మాటకే నాకు ఎక్కువ మండింది. “ఇరవై రెండేళ్లు ఎందుకు చేశావమ్మా మరి? ఆ కుందేలేదీ? పారేశావా?”

“ఎందుకు పారేస్తాను? పాము కక్కినదేదైనా డాక్టరు చూసేదాకా ఉంచాలి.” ఫ్రిజ్‌లోంచి మూత డబ్బా తీసింది.

మూత ఎత్తాను. కుందేలు తల లేదు. తల ఉన్నచోట మెత్తటి ముద్ద, అందులో తెల్లగా పుర్రె. భుజాల మీద బొచ్చు ఊడొస్తోంది. వెనక కాళ్లు మాత్రం మేత పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ముందు లోపలికి పోయిన తల ముందు కరిగింది. గొంతులో అడ్డం పడ్డది ఇలా కరగదు. కడుపులోకి దిగి, ఒక రోజంతా అరిగాకే బయటికొచ్చింది.

అక్కడే నిలబడి రాశాను. రెండు లైన్లు కాదు, రెండు పేజీలు. ఎత్తింది ఎవరో, వద్దన్నది ఎవరో కూడా రాశాను. సంతకం కింద డిగ్రీ పేరు పూర్తిగా వేశాను. పై ఆఫీసుకని ఇంకో కాపీ కూడా రాశాను.

రిపోర్టూ డబ్బా రెండూ ఆయన టేబుల్ మీద పెట్టి మూత తీశాను.

“ఛీ! తియ్ ముందు!”

“చూడండి సార్. తల కరిగింది, కాళ్లు కరగలేదు. మింగలేకపోయిందని నేను రాయను.”

“మీ అమ్మ పనేకాదు, నీ పని కూడా...”

“అది కూడా కాగితం మీద రాసివ్వండి సార్.”

ఆయన ముక్కు మూసుకుని వరండాలోకి పోయాడు. పక్క గది గుమాస్తా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని రిపోర్టు మీద అందినట్టు ముద్ర కొట్టి, “ఇంకో కాపీ పై ఆఫీసుకా? ఇలా ఇవ్వమ్మా, త్వరగా,” అన్నాడు.

అమ్మ దగ్గరికొచ్చి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

“డబ్బా అక్కడే వదిలేశావా?” కసిరింది. “డాక్టరు చూడొద్దూ? పాడైపోతుంది, వెళ్లి పట్టుకురా!”

మళ్లీ వెళ్లాను. సూపరింటెండెంటు ఇంకా వరండాలోనే ఉన్నాడు. నేను ఆగలేదు, ఆయనే గోడకు జరిగి దారిచ్చాడు.