బండి చెడిపోయిందట

వదిన బట్టలు పిండి ఇస్తోంది. నేను దులిపి తీగ మీద ఆరేస్తున్నాను. పక్కనే బండి స్టాండు వేసి ఉంది. నిన్న దారిలో ఇంజన్ టకటకలాడి ఆగిపోతే, వదినే ఎండలో ఇంటిదాకా తోసుకొచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే మాట.

"చెడగొట్టింది" అన్నాడు అన్నయ్య, అప్పుడే వచ్చిన మెకానిక్‌తో. "ఆయిల్ చూసుకోకుండా తిప్పి తిప్పి చెడగొట్టింది."

"మోటార్‌సైకిలు దీనికెందుకురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను" అంది అమ్మ, గుమ్మంలోంచి.

వదిన ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఇంటింటికీ వెళ్ళి పరీక్షలకు రక్తం తీసుకొస్తుంది. బండి లేకపోతే ఆ పని చేయడం కష్టం. తప్పు నీదని తేలితే తాళం నాకిచ్చి ఇంటిపట్టున ఉండు అని అన్నయ్య నిన్ననే చెప్పేశాడు. తప్పెవరిదో తేలాలనే వదిన మెకానిక్‌ని పిలిచింది.

అతన్ని వీధిలో అందరూ నస బాబాయ్ అంటారు. నోరు ఆగితే అతనికి చెయ్యి ఆడదు.

"ముందు కడుపులో ఏముందో చూద్దాం" అంటూ ఆయిల్ పుల్ల బయటికి లాగాడు. గీత దాకా తడి ఉంది.

"తోసుకొచ్చాక పోసుంటుంది" అన్నాడు అన్నయ్య.

"కొత్తది తేనెలా ఉంటుందయ్యా. ఇది కాటుకలా ఉంది. ఉన్నదే ఇది."

ప్లగ్గు వైరు పీకి, ఇంజన్ తల మీద ఉన్న చిన్న బోల్టును వదులు చేశాడు. "అమ్మాయ్, కిక్కు కొట్టు. ఆయిల్ పైకి వస్తుంటే ఇక్కడ ఊరాలి."

వదిన చేతులు కొంగుకు తుడుచుకుని కిక్కు కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది. బోల్టు చుట్టూ ఒక్క చుక్క కూడా ఊరలేదు.

"కింద తొట్టి నిండా నీళ్ళున్నాయి, మోటారు పైకి ఎక్కించడం లేదు. అంతే. ఆయిల్ పంపు పోయింది. ఆయిల్ పోసేవాళ్ళు ఏం చేస్తారు?"

వదిన ముఖంలో నిన్నటినుంచి లేని వెలుగు కాస్త కనబడింది. అమ్మ లోపలికి వెళ్ళబోయి ఆగింది.

ఆయిలంతా డబ్బాలోకి దించి కుడివైపు మూత విప్పాడు. అడుగున ఉన్న జల్లెడను పట్టకారుతో బయటికి తీసి ఎండకు పట్టుకున్నాడు. ఎర్రటి జిగురు పేలికలు దాన్ని పూర్తిగా మూసేశాయి. పంపు చక్రంలోనూ అదే ఇరుక్కుని ఉంది. చక్రం పళ్ళు విరిగిపోయాయి.

"ప్యాకింగ్ పేస్టు ఇది. ఆయిల్ కారకుండా మూత అంచుకి పల్చగా రాయాలి. గోడకి సున్నం కొట్టినట్టు పూశారు. మిగిలింది లోపల రాలి పంపులోకి పోయింది. ఎవరయ్యా ఆ మేస్త్రీ?"

మేస్త్రీ అన్నయ్యే. కిందటి నెల ఫోన్‌లో వీడియో చూసి, ఈ మూతే విప్పి క్లచ్ ప్లేట్లు తనే మార్చాడు. మా వాడి చేతిలో ఏదో ఉంది అని అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. ఏముందో ఇప్పుడు పట్టకారుకు వేలాడుతోంది.

అన్నయ్య ఫోన్ తీసి చూసుకున్నాడు.

"పోనీలే నాయనా" అంది అమ్మ. "యంత్రం అన్నాక చెడిపోతుంది. చెడిపోయింది. ఏం చేస్తాం?"

నాకు ఒళ్ళు మండింది. నిన్నటినుంచి ఇప్పటిదాకా ఆ బండిని ఒకరు చెడగొట్టారు. ఆ ఒకరు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. పేరు మారేసరికి దాన్ని ఎవరూ చెడగొట్టలేదట, దానంతట అదే చెడిపోయిందట. మా అమ్మ నోట్లో ఒక మాట ఎంత తేలిగ్గా తిరిగింది!

"అత్తయ్యా, చెడిపోయిందా, చెడగొట్టారా?" అంది వదిన మెల్లగా.

"ఇప్పుడు మాటలు పట్టుకుని లాగకు" అన్నాడు అన్నయ్య. "శబ్దం వచ్చినప్పుడే ఆపి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

"శబ్దం వస్తోందని నాలుగు రోజుల కిందటే చెప్పాను. నీ చెవులకి అన్నీ అలాగే వినబడతాయన్నారు."

నేను అక్కడే ఉన్నాను. నేనూ విన్నాను. "చెప్పిందన్నయ్యా" అన్నాను.

"నువ్వు బట్టలు ఆరెయ్" అంది అమ్మ.

"నన్ను ఇందులో కలపకండి తల్లీ" అని నస బాబాయ్ పంపు మీదకి వంగాడు. అంతసేపు వాగిన మనిషి, ఎవరి తప్పో చెప్పాల్సిన చోట మాత్రం స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

అన్నయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఎవరిదైతే ఏంటి? బాగయ్యాక బండి నా దగ్గరే ఉంటుంది. ల్యాబ్‌లో మానేస్తున్నానని చెప్పెయ్."

వదిన పిండాల్సిన చొక్కాను బకెట్లోనే వదిలేసింది. అది అన్నయ్యదే. లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, సూదులూ సీసాలూ ఉండే పెట్టె భుజానికి తగిలించుకుని వచ్చింది. అందరి మధ్య నుంచి నడిచి, గేటు తీసుకుని, ఆ రోజు రక్తం తీయాల్సిన మొదటి ఇల్లు ఉన్న వైపు కాలినడకన వెళ్ళిపోయింది.