అంటుకోని పొరలు

నా పని అంటించడం, మా ఆయన పని అంటకుండా చూడడం. ఇద్దరం ఒకే షెడ్డులో. కార్బన్ నూలు మహా నున్నన, దేన్నీ పట్టుకోదు. అందుకని దాంతో నేసిన నల్ల గుడ్డను నేను యాసిడ్‌లో ముంచి, కడిగి, ఓవెన్‌లో ఆరబెడతాను. అప్పుడే ఎపాక్సీ జిగురు దాన్ని పట్టుకుంటుంది. తయారైన వస్తువు ఇనుప అచ్చు నుంచి ఊడి రావాలని అచ్చుకు సిలికాన్ కొట్టేది మా ఆయన.

మా తమ్ముడు బస్సు కండక్టరు. వాడికి ఒక కాలు మోకాలి కింద లేదు. సోమవారం షిఫ్టంతా నిలబడగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే ఇంటికే. పెట్టుడు పాదం చూస్తే చీలిపోయింది. కొత్తది నేను చేసిస్తానని పెద్ద గొప్పగా మాటిచ్చాను.

చేసిన ప్రతి పాదమూ బరువు మోపగానే ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోయేది. యాసిడ్ మార్చాను, ముంచే సేపు పెంచాను, జిగురు డబ్బాను తిట్టాను. “పోనీలే అక్కా, రోజుకో పొర చొప్పున వాడుకుంటా,” అని నవ్వేవాడు వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

శనివారం అనుకోకుండా ముందుగా ఓవెన్ తలుపు తీశాను. నా గుడ్డ ఆరుతున్న అర కిందే సిలికాన్ కొట్టిన అచ్చు కాలుతోంది.

“ఇదెప్పట్నుంచి?” అని మా ఆయన్ని నిలదీశాను.

“మొదట్నుంచీ. అచ్చు ముందే సిద్ధంగా ఉంటే బామ్మర్దికి పాదం తొందరగా అవుతుందని...”

ఆ సిలికాన్ ఆవిరి గుడ్డకు పట్టాక ఏ యాసిడ్ ఏం చేస్తుంది? నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. “మీ సాయానికో దండం. పాదం అయ్యేదాకా ఈ గడప తొక్కకండి,” అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయారు. వినకుండా తలుపేశాను.

ఓవెన్, అరలు, బల్ల, చివరికి ఆ అచ్చు కూడా అసిటోన్‌తో కసికొద్దీ తోమాను. మిగిలిన ఆఖరి గుడ్డను ముంచి, కడిగి, ఆరబెట్టి, జిగురు పట్టించి అచ్చులో పరిచాను. గట్టిపడ్డాక బయటికొచ్చిన అంచును కోసి వంచి చూశాను. విరిగింది గానీ ఒక్క పొరా విడలేదు. ప్రాణం లేచొచ్చింది.

సోమవారం పొద్దున్నే మా ఆయన, తమ్ముడు ఇద్దరూ వచ్చారు. అచ్చులోంచి పాదం తీయబోతే రాలేదు. చెక్క మేకు దూర్చాను, సుత్తితో కొట్టాను, ముగ్గురం కలిసి లాగాం. కదిలితే ఒట్టు.

మా ఆయన అచ్చు అంచును వేలితో తడిమారు. “దీన్ని కూడా కడిగేశావా?” అన్నారు మెల్లగా. “మళ్లీ సిలికాన్ కొట్టకుండా వాడొద్దని చెబుదామనే ఆ రోజు నోరు తెరిచాను.”

నాకు ఏడుపొచ్చేసింది.

తమ్ముడు ఆ ఇనుప ముద్దను తట్టి చూసి, “గట్టిగానే పట్టింది కదక్కా,” అన్నాడు. ఈసారి నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని, చీలిన పాత పాదానికి టేపు చుట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన వంగి దాన్ని కదలకుండా పట్టుకున్నారు. చుట్టడం అయ్యాక వాడు టేపు కొసను బొటనవేలితో నొక్కి, సాయంత్రం దాకా ఇది అంటుకునే ఉంటుందా అని నన్నడిగాడు.