పడవల రేవులో అమ్మ మాట

రోజూ ఉదయం పనికి బయల్దేరేముందు బుల్లి తన తల్లి కుర్చీ ముందు గొంతుక్కూర్చుని అవే మూడు ప్రశ్నలు అడిగేది. మాత్ర వేసుకున్నావా, మధ్యాహ్నం ఏం తింటావు, సాయంత్రం ఏమైనా తేవాలా. తల్లి పెదవులు కదిలేవి. మాట వినపడేది కాదు. బుల్లి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేది. సరిగ్గా గంటకి, తల్లి ఆ కుర్చీలో ఉన్నా లేకపోయినా, కుర్చీ దగ్గర ఆమె గొంతు పలికేది. "వేసుకున్నాను. ఏదో ఒకటి తింటాలే. దువ్వెన పళ్ళు ఊడిపోయాయి, కొత్తది తే." ఎదురింటావిడ తన తలుపు తీసి పెట్టుకుని అది విని, బుల్లి పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి ఫోన్ చేసేది. "దువ్వెనట" అని చెప్పి పెట్టేసేది.

రెండేళ్ళుగా అంతే. అమ్మ మాట, మాట్లాడిన చోటే, గంట ఆలస్యంగా పడేది. గొంతు డాక్టరు టార్చిలైటు వేసి చూసి, "దీనికి మందు లేదు. ఒకే చోట కూర్చోబెట్టండి, మాటలు చెల్లాచెదురు కాకుండా ఉంటాయి" అన్నాడు.

బుల్లికి యాభై నాలుగేళ్ళు. ఇంట్లో చిన్నది కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది. దుకాణం వెనక గదిలో, తిరిగే రాయి మీద అద్దాలు ఆనించి, ఫ్రేముకి సరిపోయేదాకా అరగదీయడం ఆమె పని. పెళ్ళి కుదరలేదు, ఇక కుదిరే వయసూ దాటిపోయింది. తల్లీ తనూ రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ ఏడు అమ్మ స్నానాలగదిలో రెండుసార్లు జారిపడింది. మొదటిసారి బుల్లి పనిలో ఉంది. రెండోసారి పక్కనే, వంటింట్లో ఉంది.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వదిన మంచాన పడిన తన తండ్రిని చూసుకుంటోంది. వాళ్ళింట్లో ఇంకో మంచం వేసే చోటు లేదు. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని, ఊరి బయట ఒక వృద్ధాశ్రమంలో చోటు మాట్లాడారు. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టలేదు. తప్పుపట్టడానికైనా కాస్త ఓపిక ఉండాలి.

"అక్కడికి పంపేముందు అమ్మకి ఒక్కసారి విమానం ఎక్కిద్దాం" అన్నాడు అన్నయ్య. "ఏదైనా పరాయి దేశం, పెద్ద ఊరు. నాలుగు రోజులు. మావగారి దగ్గర ఆ నాలుగు రోజులూ మనిషిని పెడదాం. ఆ తర్వాత అమ్మకి ఎలాగూ నాలుగు గోడలేగా."

"ఆశ్రమం సంగతి ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుస్తాను."

"నేనైతే ఏడవనా?"

"నువ్వు ఏడుస్తూ కూడా చెప్పగలవు" అన్నాడు.

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అతను అమ్మని పేరు చెప్పమన్నాడు. చెప్పింది. అతను ఆమె పాస్‌పోర్టు పక్కన పెట్టి, వరసలో ఉన్న మిగతావాళ్ళందర్నీ పంపించి, గంటయ్యాక తన బల్ల ముందు ఆమె పేరు పలికితే విని ముద్ర కొట్టాడు. విమానంలో అమ్మ కిటికీ వైపు తిరిగి చాలా మాట్లాడింది. అవి ఎవరికీ దక్కలేదు. గంట దాటినా పలకలేదు, దిగిపోయాక ఆ సీట్లో కూర్చున్న ఇంకెవరి చెవినో పడ్డాయో ఏమో.

ఆ ఊళ్ళో దిగాక ఆలస్యం ఇంకా పెరిగింది. మొదటిరోజు గడియారం ఉన్న పెద్ద కూడలిలో అమ్మ ఏదో అంది. గంట ఆగారు, రెండు గంటలు ఆగారు, ఆకలేసి వెళ్ళిపోయారు. మూడో గంటకి బుల్లి ఒక్కతే ట్రాములో తిరిగొచ్చి నిలబడితే, "కాళ్ళు లాగుతున్నాయే, కాస్త కూర్చుందాం" అని వినపడింది. అప్పటికి హోటల్ గదిలో అమ్మ పాదాలు వాచి, చెప్పులు పట్టడం లేదు. వదిన వేడినీళ్ళ తొట్టి పెట్టింది.

రెండోరోజు అన్నయ్య చక్రాల కుర్చీ అద్దెకి తెచ్చాడు. అరవై అంతస్తుల మేడ కింద ఆపి, ఆ మేడలో లిఫ్టు ఎంత వేగంగా వెళ్తుందో అమ్మకి చెప్పాడు. తాళ్ళు ఎన్ని, బరువు ఎంత, అన్నీ చెప్పాడు. అమ్మ మెడ ఎత్తి చూసి పెదవులు కదిపింది. ఆ మాట కోసం అన్నాచెల్లెళ్ళిద్దరూ సాయంత్రం మళ్ళీ అక్కడికి వెళ్ళారు. అమ్మ అన్న పది గంటలకి వచ్చింది. "ఇన్ని కిటికీలు తుడిచేది ఎవరో పాపం."

అన్నయ్య నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే అరగంటలో ఉంటాను బుల్లీ" అన్నాడు. "లోపల ఉన్నవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటాను, భయపడకుండా. అమ్మతో అలా మాట్లాడటం నాకు రావట్లేదు."

మూడోరోజు ఉదయం తొమ్మిదికి నది ఒడ్డున పడవల రేవుకి వెళ్ళారు. అన్నయ్యా వదినా పడవ ఎక్కారు. అమ్మ ఎక్కనని చెయ్యి ఊపింది. రేవులో టికెట్లు అమ్మే ఆవిడ గది పక్కన ఒక బెంచీ ఉంది. బుల్లి అమ్మని చక్రాల కుర్చీలోంచి దింపి బెంచీ మీద కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద శాలువా కప్పింది. పడవ కదిలి వెళ్ళాక చెప్పింది. ఆశ్రమం పేరు చెప్పింది, గది మొదటి అంతస్తులో కాదు, కిందనే అని చెప్పింది. రేపు దిగగానే అటునుంచి అటే వెళ్తామని, విమానాశ్రయం నుంచి అది దారిలోనే ఉందని చెప్పింది. చెప్తుంటే ముక్కు కారింది, కొంగుతో తుడుచుకుంటూనే చెప్పింది.

"ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపమ్మా. ఇక్కడే తేల్చేద్దాం."

అమ్మ తల ఊపలేదు. నది వైపు మొహం తిప్పుకుని మాట్లాడింది. పెదవులు బుల్లికి కనపడలేదు, దవడ కదలడం మాత్రం కనపడింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. పడవ తిరిగొచ్చేసరికి ముగించి, లేవదీయమన్నట్టు చెయ్యి చాచింది.

ఆ సాయంత్రం దాకా బుల్లి రేవులో కూర్చుంది. రాలేదు. రేవు మూసేశారు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి విమానం. బుల్లి తెల్లవారగానే రేవుకి వెళ్ళిపోయింది. తొమ్మిదిన్నరకి అన్నయ్య ఫోన్ చేశాడు.

"సామాను కిందకి దింపాం. ఎక్కడున్నావు?"

"ఇంకా రాలేదన్నయ్యా. మీరు వెళ్ళండి, నేను నేరుగా విమానాశ్రయానికి వస్తాను."

పదిన్నరకి మళ్ళీ చేశాడు. "అమ్మ చెప్పిందేదో ఊరెళ్ళి మళ్ళీ అడుగుదాం. నువ్వు రా."

"అమ్మ ఎప్పుడైనా ఒక మాట రెండుసార్లు చెప్పిందా?"

ఫోన్లో అన్నయ్య వెనక ఎవరో విమానాల వేళలు చదువుతున్నారు. "నువ్వు రాకపోతే నేను అమ్మని తీసుకెళ్ళిపోవాలి బుల్లీ. ఈ రోజు చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు."

"వద్దంటుందేమో అన్నయ్యా. వద్దందని తెలియకుండా ఎలా దింపుతాం?"

"వద్దంటే మాత్రం ఏం చేస్తాం చెప్పు" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా అడిగాడు.

బుల్లి ఫోన్ పెట్టేసింది. బెంచీ మీంచి లేవలేదు. పన్నెండుకి లేవలేదు. పన్నెండుంపావుకి నది మీదుగా ఒక విమానం వెళ్ళింది, అదో కాదో. టికెట్లావిడ ఒక కప్పు టీ తెచ్చి బెంచీ మీద పెట్టి వెళ్ళింది. ఇద్దరికీ కలిసే భాష లేదు.

రెండు గంటలకి పలికింది. టికెట్లావిడ తన గదిలో పాట ఆపేసింది. రేవుకి వస్తున్న పడవవాడు ఇంజను ఆపి, తెడ్డుతో నెమ్మదిగా వచ్చాడు.

"గాలి బాగుందే ఇక్కడ" అంది అమ్మ గొంతు. "నాకు తెలుసులే. నా బట్టలన్నిటి మీదా నా పేరు కుట్టావు చూడు, అప్పుడే తెలిసింది. ఇంట్లో ఉండేవాళ్ళకి ఎవరూ పేర్లు కుట్టరు. ఏడవకు. నీకు ముక్కు ఎర్రబడితే నాలుగురోజులు తగ్గదు."

కాసేపు ఏమీ లేదు. నీళ్ళు మెట్లకి తగులుతున్నాయి.

"వెళ్తాను. బాధ లేదని చెప్పను, ఉంది. కానీ వెళ్తాను. స్నానాలగదిలో పడ్డప్పుడు నిన్ను పిలిచాను. నువ్వు వచ్చి, లేవదీసి, తల తుడిచి, పడుకోబెట్టి, అన్నం వండుకుంటుంటే అప్పుడొచ్చింది నా కేక. గరిటె పడేసి పరిగెత్తావు. నేను మంచం మీదే ఉన్నానని చూసి కూడా స్నానాలగదిలోకే వెళ్ళావు. అక్కడ ఎవరూ లేరు, నువ్వు నిలబడి వింటున్నావు. నీ మొహం చూశాను అప్పుడు. ఇంకోసారి చూడలేను."

మళ్ళీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. బుల్లి అయిపోయిందనుకుంది.

"ఒక్కటే అడుగుతాను. మొదటి రోజు నువ్వు నాతో ఉండు. అన్నయ్య దింపితే దింపనీ, ఆ ఒక్కపూట నువ్వుండు. కొత్త చోట నేనేం అడిగినా వాళ్ళకి ఎప్పటికో గానీ వినపడదు. నీకైతే అడక్కుండానే తెలుస్తుంది. మర్నాటి నుంచి నేను చూసుకుంటాను. అంతే. అదిగో, పడవ వస్తోంది."

బుల్లి ఫోన్ తీసి అన్నయ్యకి చేసింది. కలవలేదు. నాలుగింటిదాకా ఆ నెంబరుకే చేస్తూ కూర్చుంది. ఆశ్రమం నెంబరు అన్నయ్య కాగితాల్లోనే ఉంది. తర్వాతి విమానాల్లో రెండురోజుల దాకా చోటు లేదన్నారు. సాయంత్రం అన్నయ్యే చేశాడు.

"దింపేసి బయటికొచ్చాను. కిటికీ పక్క మంచం ఇచ్చారు. బాగానే ఉంది" అన్నాడు.

"అన్నయ్యా, వెనక్కి వెళ్ళు. ఈ పూటకి ఎవరో ఒకరం ఉండాలట."

"ఆడవాళ్ళ గది, మగవాళ్ళని ఉండనివ్వరట. నేనుంటానని అడిగాను బుల్లీ. మీ వదినని ఉంచుదామంటే వాళ్ళ నాన్నకి ఒంట్లో బాగాలేదని కబురు, తను అటే వెళ్ళిపోయింది. నేను వస్తుంటే అమ్మ ఏదో అంది. గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. పిచ్చివాణ్ణి."

మూడోరోజుకి విమానం దిగిన బుల్లి సంచితో సహా నేరుగా ఆశ్రమానికి వెళ్ళింది. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. బుల్లిని చూసింది, చెయ్యి పట్టుకుంది, ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. పెదవులు కదపలేదు.

"మొదటి రాత్రంతా మాట్లాడుతూనే ఉందమ్మా" అంది వార్డెన్, మందుల పెట్టె సర్దుతూ. "తెల్లారేసరికి ఆపేసింది. మళ్ళీ నోరు కదపలేదు."

"ఆ మాటలు వచ్చాయా?"

"ఎక్కడ. కొత్తగా వచ్చినవాళ్ళవి ఇంకా ఆలస్యమవుతాయి. వెనక గదిలో ఒకాయనవి ఏడాదికి వచ్చాయి. ఆయన పోయాకే అనుకో."

బుల్లి వారం సెలవు పెట్టింది. తర్వాత ఇంకో వారం. రోజూ అమ్మకి తల దువ్వి, తినిపించి, సాయంత్రం దాకా గదిలో కూర్చునేది. అమ్మ తింది, పడుకుంది, మాట్లాడలేదు. మూడో వారం దుకాణంవాళ్ళు ఆ రాయి ముందు ఇంకొకరిని కూర్చోబెట్టారు. కబురు చేస్తే బుల్లి సరేనంది. ఇంటి తాళం యజమానికి ఇచ్చేసి, ఆశ్రమంలో దుప్పట్లు కుట్టే పనికి కుదిరింది. జీతం బదులు ఆ గదిలోనే గుమ్మం పక్క మంచం ఇచ్చారు. అన్నయ్య వచ్చి, "నీకేం పట్టింది, ఇంకా పనిచేసే వయసు" అన్నాడు. బుల్లి దుప్పటి అంచు కుడుతూనే, "విన్నాక చూద్దాం" అంది.

వానలు మొదలయ్యాక అమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. కిటికీ పక్క మంచం ఇంకొకావిడకి ఇచ్చారు. ఆవిడకి చెవుడు.

ఎండలు వచ్చాక ఒకరోజు, భోజనాలు అయి అందరూ నడుం వాల్చిన వేళ, కిటికీ దగ్గర అమ్మ గొంతు పలికింది.

"బుల్లీ."

బుల్లి ఒళ్ళోని దుప్పటి పక్కన పెట్టి వెళ్ళి, ఆ మంచం పక్కన కింద కూర్చుంది.

"ఇక్కడే ఉన్నానమ్మా."

"బుల్లీ, లైటు ఎక్కడుందే? బాత్రూం ఎటు?"

"గుమ్మం దాటగానే కుడివైపు."

"చలేస్తోంది."

చెవిటావిడ నిద్రపోతోంది. బుల్లి ఆవిడ దుప్పటి భుజాల దాకా లాగింది.

అలా మధ్యాహ్నమంతా వచ్చాయి. ఒక్కోసారి అరగంటకి ఒకటి, ఒక్కోసారి వెంటవెంటనే. ఎక్కువసార్లు పేరే. గదిలో మిగతావాళ్ళు లేచి, చప్పుడు చెయ్యకుండా వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. వార్డెన్ టీ గంట కొట్టలేదు. అమ్మ పిలిచిన ప్రతిసారీ బుల్లి పలికింది. తను అడిగేది అమ్మకి ఇక వినపడదని తెలిసీ, ఏం కావాలమ్మా అని అడిగింది. చీకటి పడుతుండగా చివరిది వచ్చింది.

"రాలేదు ఇది" అంది అమ్మ. ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు.

బుల్లి నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. గదిలో ఏమీ వినపడలేదు.

వరండాలోంచి వార్డెన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. బుల్లి పెదవులు కదలడం ఆగేదాకా చూసి, లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చి, కొత్తగా చేరినవాళ్ళ పేజీ తీసింది. ఏమీ అడగలేదు. బుల్లి పేరు తనే రాసుకుంది.