రతీబా రంగు డబ్బాలు

కుంచెలు కడగడం సౌసన్‌కు ఇష్టమైన పని. పెళ్లయి మూడు నెలలే కాబట్టి ఆమెకు ఇంకా అన్ని పనులూ ఇష్టంగానే ఉండేవి. బాల్కనీలో పీట వేసుకుని, కిరోసిన్‌లో కుంచె ముంచి వేళ్లతో నలుపుతుంటే నిన్నటి రంగులన్నీ తీగలు తీగలుగా జారేవి. ఆ వేడుక చూస్తూ కూర్చుని రెండుసార్లు పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడబెట్టింది కూడా.

భర్త వగ్దీ బోర్డుల ఆర్టిస్టు. అలెగ్జాండ్రియాలో ట్రాం దారి పొడవునా కనిపించే సబ్బులు, టీ పొట్లాలు, బూట్లు చాలావరకు అతని బొమ్మలే. నాలుగేళ్ల కిందట సైన్యం కాలువ దాటి శత్రువు మీదికి వెళ్లిన యుద్ధంలో పోరాడాడు. పక్కనే గుండు పేలింది. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి చూపు మిగిలింది గాని రంగులు పోయాయి. ఎరుపూ ఆకుపచ్చా రెండూ అతనికి చల్లారిన టీ రంగే. లేతా ముదురూ మాత్రం తెలుస్తాయి. గీత చెక్కుచెదరలేదు. ఇప్పటికీ దుప్పటి మడతపెడితే బారక్‌లో తనిఖీకి పెట్టినట్టే ఉంటుంది; అది చూసి సౌసన్ పొద్దున్నే నవ్వుకునేది.

నిశ్చితార్థం రోజుల్లో సముద్రపు గట్టు మీద నడుస్తూ "ఇవాళ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చెప్పు" అని అతను అడుగుతుంటే అదంతా కవిత్వమనుకుని మురిసిపోయింది. పెళ్లయిన రెండో వారంలో గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదన్నాడు. అప్పుడు ఇంకా ఎక్కువ మురిసింది. ఊరంతా తలెత్తి చూసే బొమ్మల రహస్యం తన గుప్పిట్లో ఉందంటే మాటలా? నువ్వు లైబ్రరీ ఉద్యోగానికి పోతే రంగులెవరు కలుపుతారని అతను అడిగిన మర్నాడే వెళ్లి రాజీనామా ఇచ్చి, దారిలో వేడి వేడి పప్పు వడలు పొట్లం కట్టించుకుని ఎగురుకుంటూ వచ్చింది. అప్పటినుంచీ రంగులు కలపడం, డబ్బాలు అందించడం, ఆకులూ ఆకాశాలూ నింపడం, కుంచెలు కడగడం ఆమె వంతు. వంట ఎలాగూ ఆమెదే.

ఆరోజు ఖాళీ డబ్బా ఒకటి కడగడానికి బోర్లించింది. అడుగున సన్నటి కుంచెతో ఏదో రాసి ఉంది. "ఉడికిన రొయ్య." ఇంకొకటి తిప్పింది. "వండని ఆకుకూర." మూడోదాని మీద "సిగ్గుపడ్డ చెవి" అని ఉంది. అక్షరాలు ఎడమకు వాలి, తోకలు తిరిగి ముచ్చటగా ఉన్నాయి. వగ్దీ రాత కాదు.

అత్తగారు వంటింట్లో ఆకు దూస్తోంది. డబ్బా చూపిస్తే తలైనా ఎత్తలేదు.

"అదా, రతీబా రాసింది. నీకంటే ముందు వీడికి రంగులు కలిపేది. ఒక్క ముక్క చెబితే వీడికి కళ్లకు కట్టేది. నువ్వేమో ఎరుపు అనడానికి ఉపన్యాసం ఇస్తావు, అమ్మాయీ."

అంటే ఆ రహస్యం మరొకతె గుప్పిట్లో కూడా ఉంది. ముందుగా ఉంది. సౌసన్ మిగిలిన డబ్బాలన్నీ బోర్లించి చదివింది. ప్రతి మాటా బాగుంది. అదే ఆమెను దహించింది. తను సూర్యాస్తమయమనీ దానిమ్మ అనీ పావుగంట చెప్పేదాన్ని ఈ మనిషి రెండు మాటల్లో చెప్పేసింది. సముద్రం రంగు ఆమెనూ అడిగి ఉంటాడా? అదే గట్టు మీదా? ఇంతకీ ఆ చెవి ఎవరిది? సిగ్గుపడేంతగా దాని దగ్గర ఎవరేమన్నారు? ట్రాం స్టాపులో సబ్బు బోర్డు మీది అమ్మాయికి ఇదివరకు చిరునవ్వే కనిపించేది, ఇప్పుడు చెవులే కనిపించసాగాయి. వగ్దీని అడిగితే, రతీబానా, మానేసింది అని పెన్సిలు చెక్కుకున్నాడు. అంత తేలిగ్గా అన్నందుకు అనుమానం రెట్టింపైంది.

మర్నాడు నీలం గౌను వేసుకుని, పెదవులకు రంగు దిద్దుకుని, అన్ఫూషీ పేటలో పడవలు తయారుచేసే చోటుకు వెళ్లింది. రతీబా అక్కడ పడవల మీద పేర్లు రాస్తోందని అత్తగారే చెప్పింది. పొడుగు మెడ, పెద్ద కళ్లు ఊహించుకుంటూ వెళ్లిన సౌసన్‌కు నలభై దాటిన పొట్టి మనిషి కనిపించింది. తలకు గట్టిగా గుడ్డ కట్టుకుంది. చెవులు కనబడనే లేదు.

"వగ్దీ పెళ్లానివా?" సౌసన్ గోళ్లలోని రంగు చూసి అంది రతీబా. "రా, కూర్చో. ఆ బల్ల మీద వద్దు, తడి రంగు."

"ఆ చెవి ఎవరిది?" అనేసింది సౌసన్. పలకరింపు కూడా మర్చిపోయింది.

రతీబాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుంచె పక్కన పెట్టి మరీ నవ్వింది.

"మా నాన్నది. కాఫీ కొట్లో పాచికలాట ఓడినప్పుడల్లా ఎర్రబడేది. ఇందుకా తల్లీ, ఇంత ముస్తాబై వచ్చావు?" తర్వాత నవ్వు తగ్గించింది. "మూడేళ్లు కలిపాను. బోర్డు మూలన అతని పేరు పక్కన నా పేరు రాయమన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా నిన్ను చేసుకున్నాడు. పెళ్లాం పేరు అడగదుగా."

సౌసన్ తలెత్తింది. ఎదురుగా పడవ మీద పెద్దక్షరాల్లో దాని పేరు, కింద చిన్నక్షరాల్లో "రాసింది రతీబా" అని ఉంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ గుండెలో ఆ మంట అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడది చెవి మీద కాదు, ఆ చిన్నక్షరాల మీద.

ఆ సాయంత్రమే, బోర్డు మీద తన పేరు కూడా రాయమని వగ్దీని అడిగింది. అతను ముద్దుగా బుగ్గ గిల్లాడు.

"భార్యాభర్తలకు రెండు పేర్లెందుకే? నా పేరు నీది కాదా?"

కాదు. ఈ దేశంలో నిఖా కాగితం కూడా ఆడదాని పేరు మార్చదు. సౌసన్ తల్లి తన పేరుతోనే పుట్టి తన పేరుతోనే పోయింది. సౌసన్ బుగ్గ తుడుచుకుంది.

రెండు రోజుల తర్వాత ట్రాం స్టాపు ఎదుట టమోటా గుజ్జు బోర్డు మొదలైంది. అతను పరంజా మీద నిలబడి పళ్లు గీశాడు. ఆకులు ఎప్పటిలాగే ఆమెకు వదిలాడు. ఆమె ఆకులు నింపింది, ఆరనిచ్చింది. అప్పుడు ఎరుపు తీసుకుని, ఆ ఆకుపచ్చతో సమానంగా ముదిరేదాకా ఓపికగా నలుపు కలిపింది. ఆకుల మధ్య మూరెడేసి అక్షరాలు రాసింది. పక్కనే నిలబడ్డ వగ్దీ ఒకటి రెండుసార్లు అటు చూసి, ఆకులు చక్కగా వస్తున్నాయని మెచ్చుకున్నాడు.

ఇద్దరూ దిగి, పట్టాలు దాటి అవతలివైపు నిలబడ్డారు. ట్రాం వచ్చి ఆగింది. కిటికీలోంచి ఒక ముసలాయన తలెత్తి, పెదవులు కదుపుతూ కూడబలుక్కున్నాడు. వెనక సీటు ఆవిడ కూడా చదివి, పక్కావిడకు చూపించింది. వగ్దీ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"కంపెనీ పేరు రేపు కదా రాసేది. వీళ్లు ఏం చదువుతున్నారు?"

"నా పేరు" అంది సౌసన్.